అప్రయోజకుడు ప్రయోజకుడైన వేళ



కొడుకు చేతికి అందివస్తే "ప్రయోజకుడయ్యాడు" అని సంతోషిస్తాము. ఇల్లు పట్టక తిరిగితే "అప్రయోజకుడు" అని బాధపడతాము. ఈ రెండు మాటలకూ తగిన ఒక మనిషి కథ ఫిలేమోనుకు వ్రాసిన పత్రికలో ఉన్నది. ఒకే అధ్యాయము, 25 వచనములు. ఈ దినము దానిని ధ్యానించుకుందాము.

ఫిలేమోను కొలొస్సయి పట్టణపు విశ్వాసి. సంఘము అతని ఇంటిలోనే కూడుకొనేది. ఒనేసిము ఆ ఇంటి దాసుడు. అతడు యజమానుని విడిచి పారిపోయాడని అనేకమంది వ్యాఖ్యాతల అభిప్రాయము. ఆ కాలములో పారిపోయిన దాసుడు పట్టుబడితే కొరడా దెబ్బలు, నొసట వాతలు కూడ ఉండేవి. అలాంటివాడు చెరలో ఉన్న పౌలును కలుసుకొని, క్రీస్తును ఎరిగి, పౌలుకు విశ్వాసములో కుమారుడైనాడు.

గ్రీకు భాషలో ఒనేసిము అనగా ప్రయోజనకరమైనవాడు అని అర్థము. పేరు గొప్పదే గాని, బ్రతుకు ఆ పేరుకు తగినట్టు లేదు. అందుకే 11వ వచనములో పౌలు, మునుపు పనికిరాని ఇతడు ఇప్పుడు మనకిద్దరికీ పనికివచ్చేవాడయ్యాడని వ్రాశాడు. క్రీస్తు అతనికి కొత్త పేరు పెట్టలేదు. ఉన్న పేరునే నిజము చేశాడు.

మరి ఈ నూతన జీవితములో అతని మొదటి పని ఏమిటి? ప్రసంగము చేయుట కాదు. ఏ గడప దాటి వచ్చాడో ఆ గడపకే తిరిగి వెళ్లుట! పౌలుకు అతనిని తన దగ్గరే ఉంచుకోవాలని ఉన్నది. అయినా పంపించాడు. వట్టి చేతులతో పంపలేదు. అతడు ఏమైనా బాకీ ఉంటే అది నా లెక్కలో వేయుము, నేనే తీర్చెదనని స్వహస్తముతో వ్రాసి ఇచ్చాడు. సిలువలో మన ప్రభువు మన కొరకు చేసినది ఇదే కదా!

శ్రోతలారా, జాగ్రత్తగా గమనించండి. ఒనేసిము తిరిగి వెళ్లినందున క్షమాపణ సంపాదించుకోలేదు. క్షమాపణ పొందాడు గనుక తిరిగి వెళ్లగలిగాడు. మారుమనస్సు పొందాము, బాప్తిస్మము తీసుకున్నాము, పాత సంగతులు మనకెందుకని కొందరు అంటారు. అన్నదమ్ముల మధ్య గట్టు తగాదా అలాగే ఉన్నది. ఎగ్గొట్టిన చీటీ డబ్బు అలాగే ఉన్నది. మాట్లాడక మానేసిన తల్లి ఇంకా ఎదురు చూస్తున్నది. దేవుడు మీ జీవితానికి ఉంచిన ఉద్దేశము ఎక్కడో దూరములో లేదు. బహుశా ఆ గుమ్మము దగ్గరే మొదలవుతుంది.

మీరు ఫిలేమోను స్థానములో ఉన్నారా? తప్పు చేసినవాడు మీ తలుపు తట్టినప్పుడు, అతనిని దాసునిగా చూడక సొంత తోబుట్టువుగా చేర్చుకొనుటయే మీ పిలుపు. ఫిలేమోను ఏమి జవాబిచ్చాడో పత్రికలో లేదు. ఆ జవాబు ఈ దినము మనము ఇవ్వాలి.

ప్రార్థన చేద్దాము. ప్రభువా, మా బాకీని నీ మీద వేసుకున్నావు, నీకు స్తోత్రము. తిరిగి వెళ్లే ధైర్యమును, చేర్చుకొనే హృదయమును మాకు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.