వానలో పంటనష్టమును ఫోటో తీయుట, సాధనమును తడవకుండ కాపాడుకొనుట

పంట నీట మునిగిన దినమున రైతు గొడుగుతోపాటు సెల్‌ఫోనును కూడ చేనికి తీసికొనిపోవుట ఇపుడు వాడుకయైనది. నష్టము జరిగినదని నోటితో చెప్పిన చాలదనియు, బొమ్మ చూపవలయుననియు అందరును గ్రహించిరి. ఇది మంచిదే. కాని మన సభ్యులు తెచ్చు ఫోటోలలో పనికిరానివి చాల గలవు. కొన్ని మంచు పట్టినట్లు తెల్లగా నుండును. కొన్నిటిలో నీరే గాని పైరు కనబడదు. కొన్నిటిలో పైరు కనబడును గాని అది ఎవరి చేనో ఆ చేను గలవానికైనను పోల్చుకొన శక్యము కాదు. మరికొందరు వాన వెలిసిన పిదప తీయుదమని తాత్సారము చేసి, నీరు తీసిన చేనిని ఫోటో తీసికొని వత్తురు.

నీరు నిలిచియున్నపుడే తీయవలయునని చెప్పుటకు కారణము కలదు. పైరు వయస్సుతోపాటు నీటి లోతును, అది నిలిచిన కాలమును హానిని నిర్ణయించును. గరపనేలలో నీరు ఒక పూటలో ఇంకిపోవచ్చును. మురుగుకాలువ చక్కగా పారినచో నల్లరేగడిలో కూడ త్వరలోనే తగ్గును. తరువాత చూడవచ్చిన యధికారికి కనబడునది బురదపట్టిన ఆకులు మాత్రమే. ప్రత్తి మరింత మోసము చేయును. నీరు తీసిన దినమున పచ్చగనే యుండి, కొన్ని దినములకు వాడి వ్రాలును. అప్పుడు తీసిన బొమ్మ తెగులు సోకిన చేనివలె నుండునే గాని మునిగిన చేనివలె నుండదు.

2016 ఖరీఫునుండి అమలులోనికి వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో సాధారణముగ నష్టమును గ్రామమునకో, అంతకు పెద్ద యూనిట్టునకో కలిపి, పంటకోత ప్రయోగములు మొదలగు వానినిబట్టి లెక్కింతురు. కాని వడగండ్లు, చేను మునుగుట వంటి స్థానిక వైపరీత్యములు కలిగినపుడును, కోసి పొలములో ఆరవేసిన పంట 14 దినములలోపల తుపాను వానకో అకాలవర్షమునకో తడిసినపుడును, ఆ యొక్క చేనినే ప్రత్యేకముగ చూచి నష్టము కట్టుదురు. ఈ సందర్భములలో 72 గంటలలోపల తెలియజేయుట రైతు విధి. వరిచేను మునుగుటను 2018లో ఈ జాబితానుండి తొలగించిరి. 2026 ఖరీఫునుండి మరల చేర్చునట్లు కేంద్ర వ్యవసాయశాఖవారు 2025 నవంబరులో ప్రకటించిరి. ఏ రాష్ట్రమున, ఏ పంటకు, ఏ కారున ఇది వర్తించునో ఆయా ప్రకటనలనుబట్టి మారును గనుక నాట్లకు ముందే విచారించుకొనుట లెస్స.

ఫోటో ఎంత బాగున్నను అదియే పరిహారము తెచ్చిపెట్టదు. అంచనా వేయువాడు చేనికి రావలసినదే. అయితే అతడు వచ్చునప్పటికి నీరుండదు. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల తీరమున దాటినపుడు కోతకు వచ్చిన వరియు, కోసి పనలమీదనున్న వరియు కూడ నీటిపాలైనవి. అట్టి సమయమున ఒక్క మండలములోనే చూడవలసిన చేలు వేలకొలది యుండును. చూచువాని వంతు రాకముందు ఆ చేను ఎట్లుండెనో చెప్పునది ఫోటో యొక్కటే.

ఇక తీయు విధము. ఒక చేనికి కనీసము మూడు బొమ్మలు కావలెను. మొదటిది దూరమునుండి. ఇందులో చేనితోపాటు కదలని గురుతేదైనను పడవలయును: సర్వేరాయి, కరెంటు స్తంభము, మోటారు కొట్టము, గట్టుమీది తాడిచెట్టు. ఇది లేనిదే మిగిలిన బొమ్మలకు ఊరు పేరు లేదు. రెండవది గట్టుమీద నిలిచి తీయునది. ఇందులో నీటి లోతు తెలియవలయును. ఒక మీటరు కర్రకు పది సెంటీమీటర్లకొక ఎర్రగీత చొప్పున రంగుతో గీసి యుంచుకొని, దానిని పైరు నడుమ నిలిపి తీయవలెను. కర్రను బురదలో దిగవేసి లోతు పెంచువారును కలరు. చూచువారు కూడ రైతుబిడ్డలే. పైరు ఎత్తునుబట్టి లోతు తెలిసికొనగలరు. అట్టిది ఒకటి పట్టుబడిన, ఆ యూరిలో నిజముగ నష్టపోయినవాని మాటను కూడ నమ్మరు. మూడవది దగ్గరనుండి తీయునది: వెన్నులు, కాయలు, దుబ్బు మొదళ్లు.

పనలు తడిసినచో వానిని ఉన్నచోటనే ఉన్నట్లుగ మొదట తీసి, పిమ్మట ఒక పనను ఎత్తి, వెన్నులను చేటలోనో తెల్లగుడ్డమీదనో పరచి తీయవలయును. గింజ మొలకెత్తుటకు కొన్ని దినములు పట్టును గనుక మొదటినాటి బొమ్మలో మొలక కనబడదు. మొలక వచ్చిన నాడు మరల అదే చోట, అదే గురుతు పడునట్లు తీసినచో రెండు బొమ్మలును కలిసి ఒక సాక్ష్యమగును.

మునిగిన చేనిని తీయుటలో పెద్ద చిక్కు నీటి మెరుపు. మబ్బు పట్టిన ఆకాశము తెల్లగా నుండును. నీరు అద్దమువలె దానిని చూపును. బొమ్మలో చేను చెరువగును. దూరమునుండి, చూపు నేలకు వాలుగా పోవునట్లు తీసిన కొలది ఈ మెరుపు హెచ్చును. దగ్గరకు పోయి, ఫోనును క్రిందికి వంచి, పైనుండి చూచినట్లు తీసిన తగ్గును. గట్టుయొక్కయో చెట్టుయొక్కయో నల్లని నీడ నీటిలో పడు వైపునకు తిరిగిన ఇంకను తగ్గి, నీటిలోపలి ఆకులు కూడ అగపడును. తీయుటకు ముందు ఫోను తెరమీద పైరున్న చోట వ్రేలితో తాకవలయును. అప్పుడు ఫోను ఆకాశపు వెలుతురును గాక పైరు వెలుతురును లెక్కకు తీసికొనును. ఈ యొక్క పని చేయకపోవుటచేతనే మన బొమ్మలలో పైరు బొగ్గువలె నుండుట.

ఫ్లాషు వెలిగింపరాదు. చీకటిగా నున్నది గదా యని దానిని వెలిగించినచో, ఆ వెలుగు ముందుగా లెన్సునకు జానెడు దూరములో పడుచున్న చినుకులకు తగిలి తిరిగి వచ్చును. బొమ్మనిండ తెల్లని మచ్చలు పడును. చేను వెనుక చీకటిలోనే యుండిపోవును. చినుకు గీతవలె సాగి పడుట మరియొక సంగతి. పెద్ద చినుకు సెకనుకు సుమారు 9 మీటర్ల వేగముతో పడును. బొమ్మకు సెకనులో ముప్పదియవ వంతు కాలము పట్టినచో అంతలో చినుకు 30 సెంటీమీటర్లు జారును, అదియే గీత. వేయవ వంతు కాలములో తీసినచో 9 మిల్లీమీటర్లే జారును. వాన అందమును చూపగోరు చిత్రకారులు నల్లని చెట్ల వరుస వెనుకనుండగా ఆ గీతలను కోరియే తీయుదురు. మనకు అవి యున్నను లేకున్నను ఒకటే. అయితే మబ్బు వెలుతురులో ఫోను ఎక్కువ కాలము తీసికొనును గనుక చేయి కదలినచో చినుకులే గాక చేనంతయు గీతలగును. మోచేతులు డొక్కలకానించి, ఊపిరి బిగబట్టి తీయవలెను.

ఇంతకు ఫోను తడవకుండుటెట్లు? వట్టి ప్లాస్టిక్కు సంచి చాలును. నొక్కి మూయు సంచి దొరకినచో మంచిదే. లేనియెడల పలుచని శుభ్రమైన సంచిలో ఫోనుంచి మూతికి రబ్బరు బ్యాండు వేయవచ్చును. పలుచని సంచిమీదనుండి వ్రేలు తాకినను తెర పలుకును. కాని సంచిలోనుండి తీసిన బొమ్మ మసకగా నుండును. కాబట్టి లెన్సునకు ఎదురుగా రూపాయిబిళ్లంత కంత చేసి, ఆ కంత అంచులను టేపుతో ఫోనునకు అంటింపవలయును. తెరమీద నీటిబొట్టు పడినచో అది కూడ వ్రేలివలెనే విద్యుత్తును పట్టును గనుక ఫోను తికమకపడి తనంతట తానే ఏదో నొక్కుకొనును. అప్పుడు తెరను తాకక, ప్రక్కనుండు ధ్వని మీటను నొక్కిన చాల ఫోనులలో బొమ్మ పడును.

గాలివైపునకు వీపు పెట్టి నిలువవలెను. తీయనపుడు లెన్సు నేలను చూచుచుండవలెను. గొడుగు పట్టుటకు వేరొకడుండవలయును; ఒక చేత గొడుగు, ఒక చేత ఫోనుగా తీసిన బొమ్మ నిలకడగా రాదు. తెలంగాణలో గొంగళి కప్పుకొని పోవువాని పని దీనికంటె మేలు. గొంగళి కొసను నొసటిపైకి లాగి, దాని చాటున ఫోను పట్టినచో రెండు చేతులును దొరకును. గాలికి తిరుగబడుట లేదు. లెన్సు తుడుచుటకు ఆరిన పాత నూలుగుడ్డ ముక్కను అదే సంచిలో నుంచుకొనవలెను. బురద చొక్కా అంచుతో తుడిచినచో ఇసుక నలుసు అద్దమును గీచును.

తమ ఫోను నీటికి చెడదని అంగడివాడు చెప్పెనని కొందరు ధైర్యపడుదురు. పెట్టెమీద ఐపి 67 అని యున్నచో, ఒక మీటరు లోతు మంచినీటిలో అరగంట యున్నను లోనికి నీరు పోదని పరీక్షించిరని యర్థము. అది క్రొత్త ఫోను మాట. క్రిందపడి అంచు చిట్లినను, తెర మార్పించినను, ఏండ్లు గడచినను ఆ బందోబస్తు సడలును. ఉప్పునీరును, మందునీరును ఆ పరీక్షలో లేవు.

ఎయిర్‌కండిషను గల కారునుండియో గదినుండియో ఫోనునో కెమెరానో వానగాలిలోనికి తెచ్చినచో లెన్సుమీద మంచు కమ్మును. చల్లని నీటిలోటా వెలుపల చెమ్మ పట్టుటకును దీనికిని కారణమొకటే. తుడిచిన కొలది మరల కమ్మును. సంచిలో మూసి యుంచి, గాలి వేడిమికి సమానమగువరకు, అనగా పావుగంట మొదలు అరగంటవరకు ఆగుటయే ఉపాయము.

ఫోను తడిసినచో వెంటనే ఆపి, తొడుగు తీసి, వెలుపలి నీటిని ఒత్తి తుడిచి, ఛార్జింగు రంధ్రము క్రిందికి వచ్చునట్లు గాలి తగులు చోట నిలిపి యుంచవలెను. పూర్తిగ ఆరువరకు ఛార్జింగు పెట్టరాదు. నీటికంటె నీటిలో ప్రవహించు విద్యుత్తు హెచ్చు చెరుపు చేయును. పొయ్యిదగ్గర, ఎండలో పెట్టరాదు. బియ్యపు డబ్బాలో పాతిపెట్టుట మన యిండ్లలో వాడుక. బియ్యము చూచుటకు పొడిగా నున్నను అందులో నూటికి 12, 13 పాళ్లు తేమ కలదు. అది ఇంకెంత పీల్చును? పైగా తవుడును నూకలును రంధ్రములో చేరును. ఆపిల్ కంపెనీవారు కూడ బియ్యములో పెట్టవలదనియే చెప్పుచున్నారు. ఫిల్ము కెమెరాల కాలమున ఉష్ణదేశములలో కొందరు బియ్యమును ఎఱ్ఱగా వేయించి, తేమ పోగొట్టి, ఆ వేడి చల్లారిన పిదప మూతగట్టి డబ్బాలో కెమెరాతో నుంచెడివారు. అది తెలివిగల పని. పచ్చి బియ్యము వేరు.

సంఘములకు సొంత కెమెరా యున్నచోట వాన దానికి చేయు కీడుకంటె వానకాలపు తేమ చేయు కీడు పెద్దది. గాలిలో తేమ నూటికి 65 పాళ్లు మించి చాల దినములుండినచో లెన్సు అద్దముమీద బూజు సాలెగూటివలె ప్రాకును. అద్దమును తినివేసిన పిమ్మట దానిని తుడిచిపోగొట్ట లేము. తోలుసంచిలో పెట్టి బీరువాలో తాళము వేయుట బూజునకు ఇల్లు కట్టియిచ్చుటయే. బిగువైన మూతగల ప్లాస్టిక్కు డబ్బాలో సిలికాజెల్ పొట్లములతో నుంచవలెను. రంగు మారు జాతి జెల్ అయినచో తేమ పీల్చినది కంటికి తెలియును. దానిని వంటకు వాడని పాత్రలో సన్నని సెగమీద వేడిచేసిన మరల పనికివచ్చును.

ఉరుములున్నపుడు చేనికి పోవనే వలదు. మెరుపు కనబడిన 30 సెకనులలోపల ఉరుము వినబడినచో పిడుగు పది కిలోమీటర్లలోపల నున్నదనుకొనవలెను. కడపటి ఉరుము వినిన అరగంట తరువాత గాని గట్టెక్కరాదు. గొడుగుతో బయలున నిలుచుటయు, చెట్టుక్రింద చేరుటయు రెండును ప్రమాదములే. తెగిపడిన కరెంటు తీగ నీటిలో నుండవచ్చును గనుక మోటారు స్తంభము ప్రక్క నీటిలో దిగుటకు ముందు సరఫరా ఆపివేసిరేమో కనుగొనవలెను. 72 గంటలు గడువున్నది. ఆ గంటలలో అరగంట ఆగినందున పోవునదేమియు లేదు.

తీయుటకు ముందు ఫోనులో స్థలము తెలుపు ఏర్పాటును తెరచి యుంచవలెను. అప్పుడు బొమ్మలోపల చేనియొక్క అక్షాంశ రేఖాంశములును, తేదీయు, గంటయు దాగియుండును. పంటల బీమా యాప్‌లోనే తీసి పంపినచో ఇది సులభము. వాట్సాప్‌లో మామూలు ఫోటోగ పంపినపుడు ఆ వివరములు ఊడిపోవును. అందు డాక్యుమెంటుగ పంపు మార్గమును ఎంచుకొనినచో నిలుచును. పంపిన పిదప వచ్చిన నంబరును పాసుబుక్కు వెనుక వ్రాసికొని, ఫోనులోని అసలు బొమ్మలను క్లెయిము తేలువరకు చెరిపివేయక యుంచవలయును.