మంచుగోడల నడుమ గులాబీ చొక్కా

మే నెల మొదట్లో స్టెల్వియో కనుమ మీద రోడ్డు కనిపించదు. అక్కడ రోడ్డు ఉందని ముందే తెలిసినవాళ్లకే తెలుస్తుంది. చలికాలమంతా మూతపడిన ఆ దారిని వెతుక్కుంటూ, మంచును కోసి చిమ్మే యంత్రాలు కింది నుంచి ఒక్కో మలుపే పైకి వస్తాయి. అవి ఎగజిమ్మిన మంచు తెల్లటి ధారలా వంగి లోయలోకి రాలుతుంది. యంత్రం దాటిన చోట తడిసిన నల్లటి తారు, దానికి అటూ ఇటూ మనిషి ఎత్తు మించిన మంచుగోడలు. ఇటలీ ఉత్తరపు అంచున, స్విట్జర్లాండ్‌ను ఆనుకుని ఉన్న ఈ కనుమ ఎత్తు 2,758 మీటర్లు. ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికన్నా ఎత్తయిన కొండ కొమ్మున నిలబడినా, ఇంకో కిలోమీటరు పైకి లేస్తే గానీ ఈ ఎత్తు అందదు.

ఇలాంటి దారుల మీదికే ఏటా మే నెలలో జిరో దితాలియా వస్తుంది. ఇటలీని చుట్టివచ్చే ఈ సైకిల్ పందెం 1909లో మిలాన్‌లో మొదలైంది. ఆ తొలి ఏడు 127 మంది బయలుదేరితే చివరిదాకా తొక్కినవాళ్లు 49 మంది. పందేన్ని పెట్టిన పత్రిక, గజెట్టా డెల్లో స్పోర్ట్, గులాబీ రంగు కాగితం మీద అచ్చవుతుంది. అందుకే 1931 నుంచి అందరికన్నా తక్కువ సమయంలో దారి తొక్కుకొస్తున్న ఆటగాడికి గులాబీ చొక్కా తొడుగుతున్నారు. ఇప్పుడు పందెం మూడు వారాలు, 21 దశలు, సుమారు మూడున్నర వేల కిలోమీటర్లు. రోజుకో ఊరి నుంచి ఇంకో ఊరికి పరుగు. అన్ని రోజుల సమయాన్నీ కలిపి చూసి, ఎవరిది తక్కువైతే వారిదే గెలుపు. దారి ఏటా మారుతుంది. ఒక్కో ఏడు సిసిలీలో ఎట్నా అగ్నిపర్వతపు నల్లటి లావా రాళ్ల మధ్యకూ వెళ్తుంది. ఎక్కడ తిరిగినా ఆఖరి వారానికి ఆల్ప్స్ పర్వతాలకు చేరడం మాత్రం దాదాపు ఆనవాయితీ.

ఎవరు గెలుస్తారని నన్నడిగితే ఆటగాళ్ల పేర్ల కన్నా ముందు కొండల పేర్లు అడుగుతాను. ఏ కనుమ ఎన్నో రోజున వస్తోంది, దాని నీడ వైపు ఎక్కుతున్నారా, ఎండ వైపా, ఆ వారం అక్కడ మంచు ఎంత ఉంది? ఈ పందేనికి మే నెలను ఎంచుకోవడంలోనే దాని అందం, ప్రమాదం రెండూ ఉన్నాయి. జూలైలో జరిగే ఫ్రాన్స్ పందెం నాటికి కొండల మీద కూడా వేసవి వచ్చేసి ఉంటుంది. మేలో అలా కాదు. లోయలో వసంతం ముదురుతుంటే శిఖరం మీద శీతాకాలం ఇంకా కదలదు. ఆ రెండింటి మధ్య దూరాన్ని సైకిల్ మీద గంటకు పైగా తొక్కి దాటాలి. ప్రకృతిలో ఇంతకన్నా వింతైన ప్రయాణం నాకు తెలియదు.

స్టెల్వియోనే తీసుకోండి. తూర్పు వైపున ప్రాతో అనే ఊరి నుంచి ఎక్కడం మొదలవుతుంది. ఆ లోయంతా ఆపిల్ తోటలే. పందెం వచ్చే నాటికి పూత రాలి పిందెలు కడుతుంటాయి. పక్కనే వాగు హోరు. అక్కడి నుంచి పైకి 24 కిలోమీటర్లకు పైగా దారి, సుమారు 1,800 మీటర్ల ఎత్తు. వంద మీటర్లు ముందుకు తొక్కితే ఏడు మీటర్లకు పైగా పైకి లేవాలి. తోటలు అయిపోగానే స్ప్రూస్ అడవి చీకటిగా కమ్ముకుంటుంది. ఆపైన లార్చ్ చెట్లు వస్తాయి. సూదుల్లాంటి ఆకులున్న చెట్టే అయినా చలికాలానికి వాటిని రాల్చేసుకునే విచిత్రమైన చెట్టు అది. మేలో కొత్త చిగుళ్లు వేస్తుంది. ఆ లేత ఆకుపచ్చ వెనక నుంచి వెలుతురు పడితే కొమ్మకొమ్మకూ పొగమంచు పట్టినట్టు ఉంటుంది. రెండు వేల మీటర్లు దాటాక చెట్లు పొట్టివవుతాయి, ఒంగిపోతాయి, తర్వాత లేకుండా పోతాయి. ఇక మిగిలేవి గడ్డి, రాయి, మంచు, ఎదురుగా 3,905 మీటర్ల ఓర్ట్‌లర్ శిఖరం మీది హిమం.

ఈ దారిలో 48 హెయిర్‌పిన్ మలుపులున్నాయి. ప్రతి మలుపు దగ్గరా ఒక రాయి, దాని మీద ఒక సంఖ్య. కింద 48తో మొదలై పైకి వెళ్లేకొద్దీ తగ్గుతుంది. తొక్కుతున్నవాడికి అది ఊరటో, శిక్షో చెప్పడం కష్టం. అప్పటి ఆస్ట్రియా సామ్రాజ్యం లొంబార్డీని తన మిగతా భూభాగంతో కలపడానికి 1820 నుంచి 1825 వరకు ఈ దారి వేయించింది. ఇంజనీరు కార్లో దొనెగాని. కొండను కించపరచకుండా, దాని వాలు ఎంత ఒప్పుకుంటే అంతే మెలిక తిప్పుతూ గుర్రపు బళ్లు ఎక్కగలిగేలా వేసిన దారి అది. రెండు శతాబ్దాలు గడిచినా ఆ గీత పెద్దగా మారలేదు.

ఎత్తు పెరిగేకొద్దీ ఒంట్లో జరిగేది బయటికి కనిపించదు. కిలోమీటరు పైకి వెళ్తే సుమారు ఆరున్నర డిగ్రీల చలి పెరుగుతుంది. అంటే ప్రాతో నుంచి కనుమ దాకా పన్నెండు డిగ్రీల తేడా. గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉండేదాంట్లో నాలుగింట మూడొంతులకన్నా కిందికి తగ్గిపోతుంది. ప్రతి ఊపిరితోనూ అందే ప్రాణవాయువు అంతకంతకూ తక్కువ. మైదానంలో ముందువాడి వెనక నక్కి గాలి దెబ్బ తప్పించుకుని ఓపిక మిగుల్చుకోవచ్చు. నిటారు ఎక్కుడులో వేగం పడిపోయాక ఆ ఆసరా దాదాపు ఉండదు. అక్కడ జట్టు పలచబడుతుంది, ఎత్తుగడలు పనిచేయవు. మనిషి, అతని బరువు, భూమి ఆకర్షణ, అంతే. టీవీలో చూసేటప్పుడు గుంపు పిగిలిపోయే ఆ చోటును గమనించండి. చాలాసార్లు అది అడవి ఆగిపోయే చోటికి దగ్గర్లోనే ఉంటుంది.

చెట్లకు అసాధ్యమైన ఆ ఎత్తులోనే వసంతంలో కొన్ని ప్రాణులు నిద్రలేస్తాయి. ఉడుత జాతికే చెందిన మార్మట్ బొరియలో ఆరు నెలలు పడుకుంటుంది. ఒళ్లు చల్లబడి, గుండె నిమిషానికి కొద్దిసార్లే కొట్టుకుంటూ, చలికాలాన్ని దాటేస్తుంది. బక్కచిక్కి బయటికి వచ్చి, గద్ద నీడ పడితే చెవులు చిల్లులు పడేలా ఈల వేస్తుంది. సోల్డనెల్లా అనే ఊదారంగు పువ్వు మంచు పూర్తిగా కరిగేదాకా కూడా ఆగదు. పలచబడిన మంచుపొరను తొలుచుకుని తల పైకెత్తుతుంది. అంచులు కుచ్చుల్లా చీరుకుపోయిన చిన్న గంటలాంటి పువ్వు. హెలికాప్టర్ కెమెరాకు అది అందదు. రోడ్డు పక్కన ఆటగాళ్ల కోసం పొద్దున్నుంచీ కాచుకుని కూర్చున్న జనం కాళ్ల దగ్గర ఉంటుంది.

1953లో జిరో తొలిసారి స్టెల్వియో ఎక్కింది. ఫౌస్తో కొప్పి ఆ రోజు మంచుగోడల మధ్య ఒంటరిగా ముందుకు సాగి, స్విట్జర్లాండ్‌కు చెందిన హ్యూగో కోబ్లెట్ నుంచి గులాబీ చొక్కా గెలుచుకున్నాడు. ఆఫ్రికా ప్రయాణంలో సోకిన మలేరియాతో 1960 జనవరి 2న, నలభై ఏళ్లకే కన్నుమూశాడు. 1965 నుంచి ప్రతి ఏడాదీ పందెపు దారిలో అన్నిటికన్నా ఎత్తయిన చోటును ‘చీమా కొప్పి’ అంటున్నారు. స్టెల్వియో దారిలో ఉన్న ఏడు ఆ పేరు దానిదే.

మంచు అందంగా ఉండటం ఒక ఎత్తు, అది పడుతుండగా తొక్కడం ఇంకో ఎత్తు. 1988 జూన్ 5న గావియా కనుమ మీద జరిగినదాన్ని ఇటలీ ఇప్పటికీ చెప్పుకుంటుంది. కింద వాన. పైన, 2,600 మీటర్లు దాటిన కనుమ మీద, మంచు తుఫాను. దారి అప్పట్లో ఇరుకు, చాలాచోట్ల మట్టి రోడ్డు. అందరికన్నా ముందు పైకి చేరింది నెదర్లాండ్స్‌కు చెందిన యోహాన్ ఫాన్ డెర్ వెల్డె, పొట్టి చేతుల చొక్కాతోనే. ఎక్కేటప్పుడు ఒంట్లో పుట్టే వేడి మనిషిని నిలబెడుతుంది. దిగుడులో కాళ్లకు పనిలేదు, వేడి పుట్టదు, తడిసిన బట్టల మీద గాలి కత్తిలా కోస్తుంది, బ్రేకు పట్టే వేళ్లకు స్పర్శ పోతుంది. ఫాన్ డెర్ వెల్డె దిగుడులో ఆగిపోయి వెచ్చదనం వెతుక్కోవాల్సి వచ్చింది. గమ్యం చేరేసరికి ముప్పావుగంటకు పైగా వెనకబడ్డాడు. ఆ రోజు దశను ఎరిక్ బ్రూకింక్ గెలిచాడు, గులాబీ చొక్కా అమెరికన్ ఆండీ హాంప్‌స్టెన్‌కు దక్కింది. హాంప్‌స్టెన్ జట్టు ఆ పొద్దున్నే మంచు ఆటల దుకాణంలో చేతితొడుగులు, వెచ్చని బట్టలు కొనిపెట్టింది. ఆకాశాన్ని చదవగలగడం కూడా పందెంలో భాగమేనని ఆ రోజు తేలింది.

2013లో గావియా, స్టెల్వియో దాటాల్సిన దశను మంచు వల్ల పూర్తిగా రద్దుచేశారు. 2024లో కూడా స్టెల్వియో చుట్టుపక్కల ఎత్తైన దారిని వదులుకోవాల్సి వచ్చింది. ఇలాంటప్పుడు పాతకాలపు ధైర్యం పోయిందని విచారించేవాళ్లుంటారు. నేను వాళ్లతో ఏకీభవించను. కొండ ఒద్దన్న రోజున వెనక్కి తిరగడం కొండను గౌరవించడమే.

తూర్పుకు పోతే డోలోమైట్ పర్వతాలు. ఈ పందెంలో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించే చోటు ఇదే. పచ్చిక బయళ్ల మీద నుంచి ఒక్కసారిగా నిట్టనిలువుగా లేచిన పాలిపోయిన రాతి గోపురాలు. ఇవి ఒకప్పటి సముద్రపు అడుగు. రమారమి 23, 24 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ టెథిస్ అనే వెచ్చని సముద్రం ఉండేది. దాని లోతులేని నీళ్లలో పగడాలు, స్పాంజీలు, నాచులు, కంటికి కనపడని సూక్ష్మజీవులు పొరమీద పొర కట్టిన దిబ్బలే ఈ శిఖరాలు. సున్నపురాయిలా కనిపించినా ఇందులో మెగ్నీషియం కూడా ఉంటుంది. ఆమ్లం పోస్తే సున్నపురాయిలా చురుగ్గా పొంగదు. ఆ తేడాను గమనించి 18వ శతాబ్దం చివర్లో రాసిన ఫ్రెంచి శాస్త్రవేత్త డియోడా ద డోలోమ్యూ పేరే రాయికీ, కొండలకూ స్థిరపడింది. 2009లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆ టెథిస్ సముద్రానికి దక్షిణపు ఒడ్డున గోండ్వానా అనే మహాఖండం ఉండేది. మన దక్కను నేల అందులోని ముక్కే. కాలక్రమంలో ఆ సముద్రం మూసుకుపోయింది. ఆఫ్రికా వైపు నుంచి వచ్చిన పలక యూరప్‌ను ఒత్తి ఆల్ప్స్‌ను లేపింది, భారత పలక ఆసియాను గుద్ది హిమాలయాలను లేపింది. కాబట్టి డోలోమైట్ గోడల కింద సైకిళ్లు పాకుతున్నప్పుడు మనం చూస్తున్నది పూర్తిగా పరాయి కొండను కాదు. హిమాలయాల పుట్టుక కథలో అదే సముద్రం ఉంది.

సాయంత్రం పూట ఈ రాతిగోడలు గులాబీరంగుకు, ఆపై కుంకుమ ఎరుపుకు, చివరికి వంగపండు రంగుకు తిరుగుతాయి. అక్కడివాళ్లు లౌరిన్ అనే మరుగుజ్జు రాజు కథ చెబుతారు. తన గులాబీ తోట వల్లే శత్రువులకు దొరికిపోయానన్న కోపంతో, పగలు గానీ రాత్రి గానీ ఆ పూలు ఎవరి కంటా పడకూడదని శపించాడట. సంధ్యవేళను చెప్పడం మరిచాడట. ఆ కొండల్లోనే ట్రె చీమె అనే మూడు రాతి స్తంభాలున్నాయి. వాటి పాదం దాకా వెళ్లే దారిలో చివరి నాలుగు కిలోమీటర్లు పందెంలోని అతి కఠినమైన ఎక్కుళ్లలో ఒకటి. 1968లో ఎడ్డీ మెర్క్స్, 2013లో విన్చెంజో నిబాలి అక్కడ మంచు కురుస్తుండగానే గెలిచారు. మొదటి ప్రపంచయుద్ధంలో ఇటలీ, ఆస్ట్రియా సైనికులు ఇవే గుట్టల మీద కందకాలు తవ్వుకుని చలిలో చనిపోయారు. ఆ గుంటలు ఇంకా ఉన్నాయి.

పడమటి కొసన కొల్లె దెల్లె ఫినెస్త్రె ఉంది. ఎత్తు 2,178 మీటర్లు. చివరి సుమారు ఎనిమిది కిలోమీటర్లకు తారు లేదు, కంకర దారి. 2018లో ఇక్కడ గులాబీ చొక్కాతో ఎక్కిన ఇంగ్లండ్ ఆటగాడు సైమన్ యేట్స్ పూర్తిగా కుప్పకూలి, ఒక్క రోజులో 38 నిమిషాలు పోగొట్టుకున్నాడు. అదే రోజు, అదే కనుమ మీద క్రిస్ ఫ్రూమ్ గమ్యానికి 80 కిలోమీటర్ల దూరం నుంచి ఒంటరిగా దూసుకెళ్లి పందేన్ని గెలిచాడు. ఏడేళ్ల తర్వాత, 2025 మే 31న, యేట్స్ మళ్లీ అదే కంకర మీదికి వచ్చాడు. ఈసారి ప్రధాన ప్రత్యర్థులను వదిలి పైకి వెళ్లాడు, గులాబీ చొక్కా అతని ఒంటి మీదికి చేరింది. మనిషికి కొండ మీద ఇంత పట్టుదల, ఇంత అనురాగం ఉండగలవని చూసినప్పుడు నా కళ్లు చెమర్చాయి.

ఈ అందమంతా స్థిరమని అనుకోవద్దు. డోలోమైట్లలో ఎత్తయిన మార్మొలాదా (3,343 మీటర్లు) మీది హిమానీనదంలో ఒక భాగం 2022 జూలై 3న విరిగిపడి 11 మంది చనిపోయారు. స్టెల్వియో పక్కన వేసవిలోనూ స్కీ ఆడే హిమానీనదం ఏటికేడు వెనక్కి తగ్గుతోంది. పందెపు హెలికాప్టర్ ఏటా తీసే దృశ్యాలను వరుసగా పెట్టి చూస్తే తెలుపు కుంచించుకుపోయి బూడిదరంగు రాయి పరుచుకోవడం తెలుస్తుంది. ఆటల ప్రసారమే తెలియకుండా ఒక దస్తావేజును పోగుచేస్తోంది.

వేసవిలో ఇటలీ గడియారం మనకు మూడున్నర గంటలు వెనక. అక్కడ సాయంత్రం అయిదు దాటాక దశ ముగిస్తే మనకు రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది. ఈ మేలో పర్వత దశ ఉన్న రోజున ఆఖరి పది నిమిషాలకు కాకుండా రెండు గంటల ముందే కూర్చోండి. లోయలో చెట్ల రంగు చూడండి, ఆటగాళ్లు కనుమ మీద దిగుడుకు ముందు చొక్కా జిప్పు పైకి లాగడం చూడండి. ఛాతీకి అడ్డుగా వార్తాపత్రిక దూర్చుకునే పాత అలవాటు కూడా ఇలాంటి దిగుళ్ల కోసమే. విజేత గీత దాటగానే టీవీ కట్టేయకండి. బరువైన ఒళ్లున్న వేగపు వీరులు, ముందు రోజు పడి దెబ్బలు తగిలినవాళ్లు, నాయకుడికి నీళ్ల సీసాలు మోసి అలసినవాళ్లు ఒక గుంపుగా చేరి ఇంకా అడవి దగ్గరే ఎక్కుతుంటారు. విజేత సమయాన్ని బట్టి లెక్కకట్టిన గడువులోపు చేరకపోతే మర్నాడు వాళ్లకు పందెం లేదు. వాళ్లు ఎక్కుతున్నదీ అదే కొండ, అదే వాలు, ఇంకాస్త పెరిగిన చలిలో.