పూల్ బల్ల – మోచేతి లెక్క

గురి తప్పితే మనవాళ్లు కంటిని తిడతారు. నన్నడిగితే తప్పు మోచేతిది. కాళ్లు ఎడంగా వేసి, గడ్డం కర్రకు దగ్గరగా వంచాక ముంజేయి గడియారపు లోలకంలా వేలాడాలి. లోలకం అడుగుకు వచ్చినప్పుడే దాని కొస నేలకు సమాంతరంగా కదులుతుంది గనుక, బంతిని తాకే క్షణాన ముంజేయి నిట్టనిలువుగా ఉండాలన్నమాట. పిడికిలి బిగించారో, కర్ర పక్కకు తిరుగుతుంది. కోడిపిల్లను పట్టినట్టు పట్టాలి.

57 మిల్లీమీటర్ల బంతిని 40 మిల్లీమీటర్ల ఎత్తున కొడితే మొదటినుంచే దొర్లుతుంది. సరిగ్గా మధ్యన కొడితే ముందు జారుతుంది. పూర్తిగా దొర్లేసరికి ఏడింట ఐదు వంతుల వేగమే మిగులుతుంది. కొరియోలిస్ 1835లోనే ఈ ఆటమీద పుస్తకం రాశాడు. మా క్లాసులో ఆయన పేరు గాలులకే పరిమితం!

గంటకింతని కట్టి నేర్చుకునే స్తోమత హాస్టల్లో ఎందరికుంది? మెస్సు బల్లమీద ఖాళీ కూల్‌డ్రింకు సీసా పడుకోబెట్టి, అంచు తగలకుండా మూతిలోకి కర్ర కొన ఆడించండి. టింగుమన్నదంటే మోచెయ్యి పక్కకు పోయినట్టే.