పట్టికలో ఖాళీ గడి

నిర్మల్ జిల్లాలోని భైంసా పత్తి వ్యాపారమునకు పేరుపడిన పట్టణము. అచటి యార్డులోనికి పత్తి బండి వచ్చినంతనే ముందుగా చూచునది తేమ. సీసీఐ వారి నియమము ప్రకారము నూటికి 8 పాళ్ల వరకు పూర్తి ధర. ఆపైన 12 వరకు కోత. అదియు దాటినచో కొనుగోలు లేదు. అయితే ఆ పత్తిని పండించువారిని గూర్చి ప్రశ్నావళులు పట్టుకొని తిరుగు పరిశోధక విద్యార్థులు, తాము సేకరించిన అంకెల విషయమున ఎల్లప్పుడు ఇంతటి పరీక్ష చేయుచున్నారా?

ఒక విద్యార్థిని భైంసా పరిసర గ్రామములలో 300 మంది రైతులను ప్రశ్నించినదనుకొందము. అడ్తిదారు వద్ద చేసిన అప్పు, రైతునకు యార్డుపై గల నమ్మకమును తగ్గించునా? ఆ నమ్మకము తగ్గినచో అతడు పత్తిని ఊరిలోనే అమ్ముకొనునా? ఇది ఆమె తెలిసికొనదలచినది. నమ్మకమును తూచుటకు కాటా లేదు. నాలుగైదు ప్రశ్నలకు వచ్చిన జవాబుల వెనుకనుండి దానిని ఊహింపవలెను. ఇట్టి కానరాని రాశులను, వాని నడుమ గల సంబంధములను బాణపు గీతలతో చూపి, ఒక్కుమ్మడిగా లెక్కగట్టు పద్ధతినే నిర్మాణ సమీకరణ నమూనా అనుచున్నారు. బాణపు గీతల ఆలోచన అమెరికా జన్యుశాస్త్రజ్ఞుడు సీవాల్ రైట్‌ది; 1921 నాటి ఆయన వ్యాసము ప్రసిద్ధము. 1970 తరువాత స్వీడన్ దేశీయుడు కార్ల్ యోరెస్కోగ్ దానిని లిస్రెల్ అను ప్రోగ్రాముగా మలచెను. నేడు ఆమోస్‌లో బొమ్మ గీసినను చాలును. ఆర్ భాషలోని లావాన్ ఉచితముగనే లభించుచున్నది.

ఈ ప్రోగ్రాములకు ప్రధానమైన ముడిసరుకు ఒక్కటే. ఏ రాశి ఏ రాశితో కలిసి ఎంత పెరుగుచున్నదో, ఎంత తరుగుచున్నదో చెప్పు సహవిస్తృతి పట్టిక, అనగా కోవేరియన్స్. అందు దోషమున్నచో బాణములన్నియు వంకరపోవును.

కనుక మొదట సులభమైనవి చూడవలెను. 1 నుండి 5 వరకే జవాబులుండవలసిన చోట 55 పడియుండవచ్చును. ఇరువది ప్రశ్నలకును వరుసగా 3 వేసిన కాగితము ఉండవచ్చును. ఇవి కంటికి దొరకును. దొరకనిది మరొకటి: రెండు ఎకరముల రైతు, నలుబది క్వింటాళ్ల పత్తి. రెండెకరములు వింత కాదు, నలుబది క్వింటాళ్లును వింత కాదు. రెండును ఒకే వరుసలో నున్నచో వింత. ఇట్టివానిని పట్టుకొనుటకు మన దేశమువాడే, ప్రశాంత చంద్ర మహలనోబిస్, 1936లో ఒక దూరపు కొలతను ఇచ్చెను. రాశులు పది యైనచో, ఆ దూరపు వర్గము 29.59 దాటిన వరుసను అనుమానింపవలెనని వాడుక. అనుమానింపవలెనే గాని కొట్టివేయరాదు. అతడు అన్నదమ్ముల పత్తిని గూడ తెచ్చియుండవచ్చును. లేదా 20 ఎకరములలో సున్న జారియుండవచ్చును. అసలు కాగితము తీసి చూడవలెను.

అన్నిటికంటె కష్టమైనది ఖాళీ గడి. మన విద్యార్థిని పట్టికలో అప్పు గడి 60 మంది వరుసలలో ఖాళీగా నున్నదనుకొందము. లావాన్‌కు వేరుగా చెప్పనిచో ఆ 60 వరుసలను విడిచి, మిగిలిన 240తో లెక్క ముగించును. ఆ అరువది మందిలో పెక్కురు కౌలుదార్లైనచో? అప్పు అధికముగా నున్నవాడే ఆ మాట చెప్పుటకు జంకును. వారు తొలగిపోగా మిగిలినవారిలో బాణము సన్నగిల్లి, అప్పునకు నమ్మకమునకు సంబంధమే లేదని నివేదిక వెలువడవచ్చును. దానిని చదివిన అధికారి కౌలుదార్ల సంగతి ఎట్లు తెలిసికొనును?

ఆమోస్‌లో మరియొక ప్రలోభము కలదు. ఏ కొత్త బాణము చేర్చినచో నమూనా మెరుగుపడునో సూచించు సవరణ సూచికను, ఖాళీలున్నంతవరకు అది ఇవ్వదు. (ఆ సూచికకు మూలము 1948లో సి.ఆర్.రావు ప్రతిపాదించిన పరీక్ష. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివిన ఆ మహనీయుడు 2023లో, 102 ఏండ్ల వయసున కీర్తిశేషుడైనాడు.) సూచిక కొరకు తొందరపడి ఖాళీలన్నిటను సగటు అంకెను నింపుట జరుగుచుండును. ఇది తొలగించుటకంటె మేలైన పని కాదు. అరువది మందికి ఒకే అప్పు అంటగట్టినచో హెచ్చుతగ్గులు చదునై, సంబంధములు చప్పబడును.

మరి చేయవలసినదేమి? ముందుగా ఖాళీలను లెక్కించి, సొంతదారులలో ఎన్ని, కౌలుదార్లలో ఎన్ని అని విడదీయవలెను. భైంసాలో తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడును వినవచ్చును గనుక, భాషవారీగాను విడదీయవలెను. ఖాళీలు మరాఠీ కాగితములలోనే పోగుపడినచో తప్పు రైతుది కాదు, అనువాదముది. ఆ పిమ్మట, ఉన్న జవాబులన్నిటిని వాడుకొను ఫిమ్ల్ పద్ధతిని ఆజ్ఞాపింపవచ్చును. ఖాళీకి గల కారణము కౌలు, కమతము వంటి తెలిసిన రాశులలో నున్నంతవరకే అది న్యాయము చేకూర్చును. అప్పే నోరు కట్టివేసినచో ఏ ప్రోగ్రామును పూర్తిగా సరిదిద్దలేదు. అట్టిచో మరల ఊరికి పోయి, ఖచ్చితమైన మొత్తము గాక, లక్ష లోపా, పైనా అని మెల్లగా అడుగుట మేలు. అప్పటికిని తొలగిన వరుసలెన్నో, అవి ఎవరివో, నమూనా చిత్రమునకు పైననే వ్రాయవలెనని మేము కోరుచున్నాము.