డైట్ కూల్‌డ్రింకుల్లో ఫినైలలనిన్: ఎవరికి ముప్పు?

చక్కెర లేని కూల్‌డ్రింకులు, చూయింగ్ గమ్‌లలో వాడే అస్పర్టేమ్ చక్కెర కంటే సుమారు 200 రెట్లు తీపి. అది అరిగినప్పుడు ఫినైలలనిన్ అనే అమైనో ఆమ్లం వెలువడుతుంది. పప్పు, పాలు, గుడ్లలోనూ ఉండే ఈ ఆమ్లాన్ని చాలామంది శరీరం సులువుగా వాడుకుంటుంది.

ఫినైల్‌కీటోన్యూరియా అనే అరుదైన జన్యులోపంతో పుట్టినవారిలో మాత్రం ఇది రక్తంలో పేరుకుని మెదడును దెబ్బతీస్తుంది. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే ఈ జబ్బు వస్తుంది. అందుకే మేనరికాల్లో అవకాశం ఎక్కువ.

పుట్టిన కొద్ది రోజుల్లోనే మడమ నుంచి తీసిన రక్తపు చుక్కతో దీన్ని గుర్తించవచ్చు. వెంటనే ఆహార నియమం మొదలుపెడితే బిడ్డ మెదడును కాపాడుకోవచ్చు. అలాంటి పిల్లలున్న ఇంట్లో ప్యాకెట్‌పై అస్పర్టేమ్ పేరు గానీ, 951 సంఖ్య గానీ కనిపిస్తే కొనకండి.