వడిసెల తిప్పే చేతికి బేస్‌బాల్‌లో విలువెంత?

సిద్దిపేట: జొన్నచేలో మంచెనెక్కి వడిసెలతో పిట్టలను తోలే కుర్రాడి చేతి బలం ఊరందరికీ తెలుసు. అది ఆటకు పనికొస్తుందా అన్నది మాత్రం కొలిచి చూస్తేగాని తేలదు.

అమెరికాలో బేస్‌బాల్ కుర్రాళ్లను ఎంపిక చేసే నిపుణులు అయిదు గుణాలు చూస్తారు. బంతిని బ్యాటుకు తగిలించడం, దూరంగా కొట్టడం, పరుగులో వేగం, బంతిని ఆపడం, బలంగా విసరడం. ఒక్కోదానికి 20 నుంచి 80 వరకు మార్కులు. 50 వస్తే పెద్ద జట్లలో సగటు స్థాయి. బంతి వేసేవాడికి లెక్క వేరు. 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి వేగంతోపాటు గురి కూడా కుదరాలి.

ఇది మనకు అందని ముచ్చటేమీ కాదు. 2008లో మన దేశంలో జరిగిన బంతి విసిరే పోటీలో ఉత్తరప్రదేశ్ పల్లె యువకులు రింకూ సింగ్, దినేశ్ పటేల్ రాణించారు. అంతకుముందు వారికి తెలిసింది ఈటె విసరడమే. ఆ నవంబరులోనే పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు ఇద్దరినీ చేర్చుకుంది. అయితే ఇద్దరూ అగ్రశ్రేణి పోటీలదాకా వెళ్లలేకపోయారు. రింకూను చేతి గాయాలు వెనక్కి లాగాయి.

అందుకే పెద్దలు జాగ్రత్త పడాలి. ఎదిగే పిల్లలచేత అదేపనిగా విసిరిస్తే మోచేయి దెబ్బతింటుంది. నొప్పి అన్ననాడు బంతి పక్కన పెట్టించాలి.

హకీంపేట క్రీడా పాఠశాలలో 4వ తరగతి ప్రవేశానికీ పరుగు, నిలుచున్నచోటి నుంచి దూకడం, మెడిసిన్ బాల్ విసరడం వంటి పరీక్షలే పెడతారు. బడిలో ఒక టేపు, ఒక స్టాప్‌వాచీ ఉంటే వ్యాయామ ఉపాధ్యాయుడు నెలకోసారి కొలిచి రాసిపెట్టవచ్చు. ఒక్కనాటి విసురు చూసి తీర్పు చెప్పరాదు. ఏడాదిలో ఎంత మెరుగుపడ్డాడన్నదే అసలు లెక్క.