పిడి మనది... పేరు పరాయిది!

జైపూర్ అనగానే రాజస్థాన్ గుర్తొచ్చిందా? మీ తప్పేం లేదు. కానీ మనం చెప్పుకునేది మంచిర్యాల జిల్లాలోని జైపూర్ గురించి. సింగరేణి వాళ్ల థర్మల్ విద్యుత్కేంద్రం ఉన్న ఊరు. 600 మెగావాట్ల యూనిట్లు రెండు. ఓ పక్క గోదావరి, ఆ నీళ్లలో మొసళ్లకు పేరుపడ్డ శివారం అభయారణ్యం. ఇంకాస్త ఉత్తరానికి వెళ్తే కవ్వాల్ పులుల అడవి. ఆ అడవిలో ఓ జంతువు తిరుగుతూ ఉంటుంది. ముదురు గోధుమ రంగు ఒళ్లు, మెడ మీద జూలు, మగదానికి మూడేసి కొనలతో చీలిన కొమ్ములు. బాగా ఎదిగితే రెండొందల కిలోలు దాటుతుంది. సాంబర్ అంటారు. మన పల్లెల్లో కణుజు. దీని కొమ్ముకీ, ఎక్కడో జర్మనీలో తయారయ్యే వేటకత్తికీ దగ్గరి చుట్టరికం ఉందంటే నమ్ముతారా!

స్టాంపులు, నాణేలు సేకరించేవాళ్లను చూశాం. కత్తులు సేకరించేవాళ్లూ ఉన్నారు. వాళ్లలో చాలామందికి మడతకత్తి కంటే, మడతపడని నిటారు కత్తి మీదే మోజు. తోలు ఒరలో పెట్టి నడుముకి తగిలించుకుని అడవికి తీసుకెళ్లేది. అలాంటివాటిలో బాగా పేరున్నది 'వైట్ హంటర్'. 1769 నాటి ప్యూమా అనే కంపెనీ జర్మనీలోని జోలింగెన్‌లో 1956లో దీన్ని తెచ్చింది. ఆఫ్రికాలో వేటగాళ్ల అవసరాల కోసం రూపొందించిన కత్తి అది. కొయ్యటానికే కాదు, వెనకవైపు అంచుతో నరకటానికీ పనికొస్తుంది. 1964 నుంచీ ఆ కంపెనీ కత్తుల మీద ఓ అంకెల గుర్తు వేస్తూ వచ్చింది. దాన్నిబట్టి ఏ సంవత్సరంలో చేశారో సేకరణకారులు ఇట్టే చెప్పేస్తారు. మన పెద్దలు రూపాయి మీద రాజు బొమ్మ చూసి కాలం చెప్పినట్టన్నమాట.

కానీ ఆ కత్తిని చేతిలోకి తీసుకున్నవాడు ముందు చూసేది ఉక్కుని కాదు, పిడిని. చెట్టు బెరడులా గరుగ్గా, గాళ్లుగాళ్లుగా ఉంటుంది. గాడిలో ముదురు గోధుమ, గట్టు మీద తేనె రంగు, అరిగినచోట దంతం తెలుపు. ఏ రెండు పిడులూ ఒక్కలా ఉండవు. అందమొక్కటే కాదు, తడి చేతిలోనూ జారదు. అది కణుజు కొమ్ము.

జింకలు ప్రపంచమంతా ఉన్నాయిగా, దీన్నే ఎందుకు ఎంచుకున్నారు? కొమ్మును అడ్డంగా కోసి చూస్తే తెలుస్తుంది. జింకజాతి కొమ్ములన్నీ ఎముకే. పైన గట్టి పొర, లోపల స్పాంజిలా బెండు. ఐరోపా ఎర్రజింక కొమ్ములో ఆ బెండు ఎక్కువ. కణుజుకి పైపొర దళసరి, బెండు తక్కువ. అందుకని పలకలుగా కోసి, ఉక్కుకి రెండువైపులా పెట్టి మేకులు దిగ్గొట్టినా పగలదు. ఇంగ్లండులో కత్తులకు పెట్టింది పేరైన షెఫీల్డ్‌కి ఈ గుట్టు ఎప్పుడో తెలుసు. అక్కడి జోసెఫ్ రోడ్జర్స్ కంపెనీ దంతాలకీ, కొమ్ములకీ పెద్ద గోదాములే పెట్టుకుంది. మన దేశంలో ఏ అడవిలో దొరికిన కొమ్మైనా సరే, ఓడ ఎక్కాక దానికి ఒకటే పేరు... 'ఇండియన్ స్టాగ్'.

ఆ ఓడ 1990ల ఆఖర్లో ఆగిపోయింది. మనదేశం కొమ్ముల ఎగుమతిని నిషేధించింది. కత్తుల లోకంలో కలకలం! పాత నిల్వల ధర పెరిగింది. ఎద్దు ఎముక మీద గాళ్లు చెక్కి రంగేసి కొమ్ములా చూపించటం అంతకుముందూ ఉన్నదే, దానికి ప్లాస్టిక్ కూడా తోడైంది. 'కొమ్ములు వాటంతటవే రాలతాయి, ఏరుకుంటే జంతువుకి నష్టమేంటి' అన్నది కత్తుల వాళ్ల వాదన. వినటానికి సబబుగానే ఉంటుంది. రాలిన కొమ్ము మొదలు గుండ్రంగా, గరుగ్గా ఉంటుంది. చంపి తీసినదానికి పుర్రె ముక్క అంటుకుని ఉంటుంది. ఆ తేడా చూసి చెప్పొచ్చు. సరే, పలకలుగా కోశాక? ఏది రాలిందో ఏది తూటాకి పడిందో ఎవరు చెప్పగలరు? నిషేధం కఠినమే కావచ్చు, వేరే దారీ కనపడదు. పైగా పులికి కడుపు నింపేది కణుజే. మహారాష్ట్రలోని తాడోబా నుంచి మనవైపు వచ్చే పులులు నిలవాలంటే 893 చదరపు కిలోమీటర్ల కవ్వాల్ కోర్ ప్రాంతంలో వాటికి తిండి ఉండాలి కదా.

మాటలో మాట. పిడే కాదు, పేరుపడ్డ కత్తి అలుగుకీ ఈ నేలతో బంధముంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టిమూసల్లో ఉక్కు కరిగించేవారు. హెన్రీ వాయ్‌సీ అనే ఆంగ్లేయుడు 1820ల్లో స్వయంగా చూసి రాశాడు. రెండు చోట్ల నుంచి తెచ్చిన ఇనుమును కలిపి మూసలో పెట్టేవారట. కొనుక్కుపోవటానికి పర్షియా వర్తకులు వచ్చేవారు. నీటి అలల్లాంటి గీతలు తేలే డమాస్కస్ కత్తుల్లో వాడిన ఉక్కు ఈ కోవదే. పాశ్చాత్యులు దానికి పెట్టిన 'వూట్జ్' అన్న పేరు కూడా మన దక్షిణాది 'ఉక్కు' మాట నుంచే పుట్టిందంటారు. ఇప్పుడు పల్లె కమ్మరి కొలిమిలో కాలేది లారీ కమాను పట్టీ. పిడికి ఏదో గట్టి కర్ర. ఆ కత్తితో కల్లు గీస్తారు, కట్టెలు కొడతారు. అద్దాల బీరువాలో ఎవరూ పెట్టరు!

మీ ఇంట్లో తాతగారి కాలం నాటి కొమ్ముపిడి కత్తి ఉందా? అమ్మటం గురించి ఆలోచించకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అందుకు ఒప్పుకోదు. ఇలాంటి పాత వస్తువులు ఉన్నాయని ప్రకటించుకోవటానికి 2003లో ప్రభుత్వం గడువిచ్చింది. అప్పుడు యాజమాన్య పత్రం తీసుకున్నవాళ్లు కూడా వారసులకు ఇవ్వగలరు తప్ప అమ్ముకోలేరు. పత్రం లేకపోతే అటవీశాఖ కార్యాలయంలో అడగటం మంచిది.

ఇక అడవిలో రాలిన కొమ్ముల సంగతి. వాటిని ముళ్లపందులు కొరుక్కుతింటాయి. కాల్షియం, ఫాస్ఫరస్ కోసమట. కొన్నాళ్లకు పళ్ల గాట్లు పడ్డ ముక్క మిగులుతుంది. దారిలో కనబడింది కదా అని ఆ ముక్కని ఏరుకొచ్చి గోడకి తగిలించుకున్నా కేసే.